డ్రీమ్‌లైనర్ ఎక్కవచ్చునా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలిన నాటి నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విమానం గురించి ఉంటున్నాయి. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లి విదేశాలకు విమానం ఎక్కేవారు ఇప్పుడు దాదాపు ప్రతి వీధిలోనూ ఉన్నారు కాబట్టి ఆ ఆందోళన నాకు అర్థమవుతుంది. విమానాల మరమ్మతు, తనిఖీ పనుల్లో ఉద్యోగ జీవితమంతా గడిపి కర్నూలుకు తిరిగి వచ్చి స్థిరపడినవాణ్ణి గనుక, ఈసారి శీర్షిక మొత్తాన్ని బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్‌కే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాను. అడిగినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి పై చదువుకు లండన్ వెళ్తోంది. బెంగళూరు నుంచి టికెట్టు తీశాము. దాని మీద బోయింగ్ 787 అని ఉంది. అహ్మదాబాద్‌లో కూలింది ఇదే కదా అని ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టడం లేదు. రద్దు చేసుకోమంటారా? పంపమంటే, విమానంలో తను తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా చెప్పండి. – ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, ముందు జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. టికెట్టు రద్దు చేసుకోవద్దు. మా ఇంటి బిడ్డ వెళ్లవలసి వచ్చినా నేను ఇదే విమానంలో పంపుతాను.

డ్రీమ్‌లైనర్ ప్రయాణికులతో తొలిసారి ఎగిరింది 2011 అక్టోబరు 26న, టోక్యో నుంచి హాంకాంగ్‌కు. ఆనాటి నుంచి అహ్మదాబాద్ ప్రమాదం దాకా, పదమూడున్నరేళ్లకు పైగా, ఈ రకం విమానం కూలి ఒక్క మనిషి కూడా చనిపోలేదు. ఈ మధ్యకాలంలో వెయ్యికి మించిన డ్రీమ్‌లైనర్లు తయారై ఖండాలు దాటి తిరుగుతున్నాయి. కడప నుంచి బెంగళూరు చేరేలోపు రోడ్డు మీద ఉండే అపాయమే విమానంలోని అపాయం కన్నా ఎక్కువ. కాబట్టి రాయచోటి, మదనపల్లె మీదుగా అర్ధరాత్రి కారులో బయలుదేరకుండా, పగలే వెళ్లి బెంగళూరులో విశ్రాంతి తీసుకోమని మాత్రం గట్టిగా చెబుతాను.

అంతమాత్రాన ఈ విమానానికి లోపాలే లేవని అనను. లోపాలు బయటపడ్డాయి, వాటిలో కొన్ని తయారీదారు సిగ్గుపడవలసినవి. వాటిని వరుసగా పేర్చి చూసినప్పుడు నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ విమానంలో ఎన్నో కొత్త వస్తువులు వాడారు గానీ, ఆ కొత్తదనం వల్ల వచ్చిన చిక్కుల కన్నా, ఒకరు చేసిన పని మరొకరు చేసిన పనితో కలిసే అతుకు దగ్గర వచ్చిన చిక్కులే ఎక్కువ. కింది జవాబుల్లో ఆ అతుకులనే చూపించబోతున్నాను. జాగ్రత్తల సంగతి చివరికి అట్టిపెట్టాను.

ప్రశ్న: దీన్ని ప్లాస్టిక్ విమానం అంటారు. అల్యూమినియాన్ని ఎందుకు వదులుకున్నారు? విమానం మూడేళ్లకు పైగా ఆలస్యం కావడానికి కొత్త పదార్థమే కారణమా? – ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: ప్లాస్టిక్ అనే మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. మీ జిల్లాలో గాలిమరల రెక్కలను పొడవాటి లారీల మీద తీసుకుపోవడం మీరు చూసే ఉంటారు. ఆ రెక్క లోహం కాదు, గాజు నారను రెసిన్ అనే జిగురుతో పొరలు పొరలుగా పేర్చి గట్టిపరచినది. డ్రీమ్‌లైనర్ దేహమూ రెక్కలూ అదే జాతివి. కాకపోతే గాజు నారకు బదులు అంతకన్నా బలమైన, తేలికైన కార్బన్ ఫైబర్ వాడారు. విమానం బరువులో సుమారు సగం ఈ మిశ్రమ పదార్థమే, 20 శాతం అల్యూమినియం, 15 శాతం టైటానియం. అల్యూమినియం రేకులను వేలాది రివెట్లతో కలిపి గొట్టంగా చేసే పాత పద్ధతికి బదులు, గుండ్రటి అచ్చు చుట్టూ నారను చుట్టి, వేడీ ఒత్తిడీ కలిసిన పెద్ద కొలిమిలో ఉడికించి, దేహంలో ఒక్కో భాగాన్ని పెద్ద పీపాలాగా ఒకే ముక్కగా బయటికి తీస్తారు.

లాభాలు నిజమైనవే. పాత బోయింగ్ 767 విమానంతో పోలిస్తే ఇంధనం దాదాపు 20 శాతం ఆదా అవుతుందని బోయింగ్ లక్ష్యంగా పెట్టుకుంది. ఈ పదార్థం తుప్పు పట్టదు, పదేపదే గాలి నింపి తీసినా అల్యూమినియంలాగా త్వరగా అలసిపోదు. అందువల్ల లోపలి గాలి ఒత్తిడిని ఎక్కువగా ఉంచగలిగారు. మామూలు విమానంలో కూర్చుంటే 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటే, ఇందులో 6,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. పన్నెండు గంటల ప్రయాణం తర్వాత తలనొప్పి తక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం.

ఆలస్యానికి ప్రధాన కారణం పదార్థం కాదు, పని పంచిన తీరు. 2004 ఏప్రిల్‌లో జపాన్ విమానయాన సంస్థ ఎ.ఎన్.ఎ. 50 విమానాలకు ఆర్డరు ఇవ్వడంతో ఈ ప్రాజెక్టు మొదలైంది. అప్పటికి బోయింగ్ ఖర్చు తగ్గించుకోవాలని నిశ్చయించుకొని, భాగాల తయారీనే కాక వాటి రూపకల్పనలో కూడా పెద్ద వాటాను బయటి సంస్థలకు అప్పగించింది. రెక్కలు జపాన్‌లోని మిత్సుబిషి చేసింది. దేహంలో కొన్ని భాగాలు ఇటలీలో, కొన్ని జపాన్‌లో, ముక్కు భాగం అమెరికాలోని విచితా నగరంలో, వెనుక భాగం దక్షిణ కెరొలైనాలో తయారయ్యాయి. వీటిని మోసుకురావడానికి నాలుగు 747 విమానాల పొట్ట పెంచి ప్రత్యేకంగా మార్చారు. అన్ని భాగాలూ వైరింగ్‌తో సహా పూర్తయి వస్తాయనీ, సియాటిల్ దగ్గరి ఎవరెట్ కర్మాగారంలో మూడు రోజుల్లో ఒక విమానాన్ని కూర్చేయవచ్చనీ లెక్క వేసుకున్నారు.

ఇల్లు కట్టించినవారికి ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్పనక్కరలేదు. తలుపులు ఒకచోట, కిటికీలు ఇంకొకచోట చేయించి, బండలు బేతంచెర్ల నుంచి తెప్పించి, అన్నీ ఒకే రోజు వచ్చి అంగుళం తేడా లేకుండా కూర్చుంటాయని ఏ మేస్త్రీ నమ్మడు. 2007 జూలై 8న, అమెరికా పద్ధతిలో తేదీ 7-8-07 అయ్యేలా ముహూర్తం పెట్టుకొని, వేలమంది ఎదుట తొలి విమానాన్ని బయటికి తెచ్చారు. లోపల అది ఖాళీ డొల్ల. భాగాలను పట్టి ఉంచినవి తాత్కాలికంగా బిగించిన మరలు, ఎందుకంటే అసలు మరలకు ప్రపంచవ్యాప్తంగా కొరత ఉంది. కొన్ని వారాల్లో ఎగురుతుందన్న విమానం ఎగిరింది 2009 డిసెంబరు 15న. 2008 మే నెలలో అందుతుందన్న మొదటి విమానం ఎ.ఎన్.ఎ.కు అందింది 2011 సెప్టెంబరులో.

మధ్యలో 2009 జూన్‌లో బయటపడిన లోపం మీ వంటి విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది. రెక్క దేహంతో కలిసే చోట బలం చాలదని పరీక్షల్లో తేలింది. రెక్కను ఒక సంస్థ, దేహంలో ఆ రెక్కను పట్టే పెట్టెను ఇంకొక సంస్థ తయారుచేశాయి. దేని లెక్కలు దానికి ఉన్నాయి. రెండింటి సరిహద్దులో పడే భారం దగ్గరే లెక్క తప్పింది. ఆ జాగాను బలపరచడానికి నెలలు పట్టింది. అదే ఏడాది బోయింగ్ దక్షిణ కెరొలైనాలోని వెనుక భాగం కర్మాగారాన్ని తానే కొనవలసి వచ్చింది. పని పంచితే ఖర్చు తగ్గుతుందనుకున్న సంస్థ, పంచిన పనిని డబ్బు పెట్టి వెనక్కి తెచ్చుకున్నదన్నమాట.

ప్రశ్న: మా దుకాణంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు కూడా చూస్తాము. డ్రీమ్‌లైనర్‌లో లిథియం బ్యాటరీలు కాలాయని చదివాను. అంత పెద్ద సంస్థ అలాంటి బ్యాటరీని ఎందుకు పెట్టింది? ఇప్పుడు తీసేశారా? – మోటార్ల రివైండింగ్ పనివారు, కర్నూలు

జవాబు: తీసేయలేదు. అవే బ్యాటరీలు, కొన్ని మార్పులతో, ఇవాళ్టికీ ఎగురుతున్నాయి. ఎందుకో చెప్పాలంటే ఈ విమానానికి కరెంటుతో ఉన్న సంబంధం నుంచి మొదలుపెట్టాలి.

ఇతర విమానాల్లో ఇంజను లోపల నొక్కుకుపోయిన వేడి గాలిలో కొంత భాగాన్ని గొట్టాల ద్వారా బయటికి తీసి, దానితోనే క్యాబిన్‌లో గాలి నింపుతారు, రెక్కల మీద మంచు కరిగిస్తారు, రెండో ఇంజనును తిప్పి స్టార్ట్ చేస్తారు. అలా గాలి తీస్తే ఇంజను బలం కొంత వృథా అవుతుంది. డ్రీమ్‌లైనర్‌లో ఆ గొట్టాలను చాలావరకు తీసేసి, ఆ పనులన్నీ కరెంటుకు అప్పగించారు. ఇంజనుకు రెండేసి చొప్పున 250 కె.వి.ఎ. జనరేటర్లు నాలుగు, తోకలోని చిన్న ఇంజనుకు 225 కె.వి.ఎ. జనరేటర్లు రెండు ఉంటాయి. మొత్తం సామర్థ్యం 1,450 కె.వి.ఎ. మన పొలాల దగ్గర బోర్లకు కరెంటు ఇచ్చే 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్లు యాభై ఎనిమిదింటిని ఒక విమానంలో పెట్టినట్టు లెక్క వేసుకోండి. ఇంత కరెంటు మీద ఆధారపడిన విమానానికి తక్కువ బరువులో ఎక్కువ శక్తిని ఒక్కసారిగా ఇచ్చే బ్యాటరీ కావాలి. అందుకే లిథియం అయాన్‌ను ఎంచుకున్నారు. ముందు భాగంలో ఒకటి, వెనుక చిన్న ఇంజను కోసం ఒకటి, ఒక్కోదానిలో ఎనిమిదేసి సెల్స్.

2013 జనవరి 7న బోస్టన్ విమానాశ్రయంలో, టోక్యో నుంచి వచ్చిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం ప్రయాణికులను దించి నిలబడి ఉండగా, వెనుక బ్యాటరీ కాలి పొగ వచ్చింది. జనవరి 16న జపాన్‌లో ఎ.ఎన్.ఎ. విమానం గాలిలో ఉండగానే ముందు బ్యాటరీ పాడై పొగ వాసన రావడంతో, తకమత్సులో అత్యవసరంగా దించి, ప్రయాణికులను జారుడు పట్టీల మీదుగా దించవలసి వచ్చింది. అదే రోజు అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్.ఎ.ఎ. ఆ దేశపు డ్రీమ్‌లైనర్లను నిలిపివేయగా, తక్కిన దేశాలూ అదే దారి పట్టాయి. అప్పటికి ప్రపంచంలో ఉన్న యాభై విమానాలూ, ఎయిర్ ఇండియావి సహా, నేల మీదే ఉండిపోయాయి. 1979లో డి.సి.-10 తర్వాత ఒక రకం విమానాలన్నింటినీ ఎఫ్.ఎ.ఎ. ఇలా ఆపడం అదే మొదలు.

ఒక సెల్ లోపల షార్ట్ సర్క్యూట్ అయి వేడెక్కింది, ఆ వేడి పక్క సెల్‌కు, దాని నుంచి ఆ పక్కదానికి పాకింది. కళ్లంలో గడ్డివాములను దూరదూరంగా ఎందుకు వేస్తామో మీకు తెలుసు. ఒక వామికి నిప్పంటుకుంటే పోయేది ఆ ఒక్కటే కావాలని. ఇక్కడ ఎనిమిది వాములను ఒకే గోడ ఆనించి వేశారు. ఇలాంటి బ్యాటరీ నుంచి పొగ రావడం కోటి గంటల ప్రయాణంలో ఒకసారి కూడా జరగదని బోయింగ్ ముందుగా అంచనా వేసింది. విమానాలన్నీ కలిసి లక్ష గంటలు ఎగరకముందే రెండుసార్లు జరిగింది. అభివృద్ధి దశలో ఒక సెల్‌లోకి మేకు దించి పరీక్ష చేస్తే పొగ వచ్చిందే తప్ప మంట పుట్టలేదు, దాంతో ఒక సెల్ పాడైనా పక్కదానికి పాకదని తీర్మానించుకున్నారు. ఆ పరీక్ష విమానంలో బ్యాటరీ నిజంగా ఉండే పరిస్థితులకు సరిపోయేది కాదని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్.టి.ఎస్.బి. 2014లో తేల్చింది.

అతుకు సంగతి ఇక్కడే ఉంది. సెల్స్ చేసింది జపాన్‌లోని జి.ఎస్. యుయాసా. విద్యుత్ మార్పిడి వ్యవస్థలో భాగంగా దాన్ని అందించింది ఫ్రాన్స్‌కు చెందిన థేల్స్. ఛార్జరు అమెరికాలోని వేరే సంస్థది. విమానం బోయింగ్‌ది. ఆమోదముద్ర ఎఫ్.ఎ.ఎ.ది అయినా, ఆ ఆమోదానికి కావలసిన పరిశీలనలో ఎక్కువ పనిని ఎఫ్.ఎ.ఎ. తరఫున చేసింది బోయింగ్ ఉద్యోగులే. ఒక సెల్ తగలబడితే తక్కిన ఏడింటికి ఏమవుతుందన్న ప్రశ్న ఇంతమంది చేతుల గుండా వెళ్లినా, చివరిదాకా పట్టుకొని అడిగినవారు లేకపోయారు.

సెల్స్ మధ్య అడ్డుపొరలు పెట్టి, ఛార్జింగ్ హద్దులు తగ్గించి, మొత్తం బ్యాటరీని ఉక్కు పెట్టెలో మూసి, పొగ వస్తే విమానం బయటికి పోయేలా గొట్టం అమర్చాక, 2013 ఏప్రిల్ చివరన విమానాలు మళ్లీ ఎగిరాయి. 2014 జనవరిలో టోక్యో నరిటాలో మరొక జపాన్ విమానంలో ఒక సెల్ పొగ చిమ్మింది. పొగ బయటికి పోయింది, పక్క సెల్స్‌కు పాకలేదు. పెట్టె తన పని తాను చేసిందని దానివల్ల రుజువైంది. సెల్ లోపల షార్ట్ ఎందుకు అయిందో మాత్రం చివరికీ కచ్చితంగా తేలలేదు. రోగం మూలం దొరకకుండా రోగిని క్షేమంగా ఉంచే ఏర్పాటు చేశారన్నమాట. పనివాడిగా ఆ ఏర్పాటును నేను ఒప్పుకుంటాను, కానీ అది మొదటి రోజునే ఉండవలసింది.

అన్నట్టు, 2013 జూలైలో లండన్ హీత్రోలో నిలిపి ఉంచిన ఇథియోపియన్ విమానం పైభాగం కాలిన సంఘటనను చాలామంది దీనితో కలిపి చెబుతారు. అది వేరు. ప్రమాదంలో జాడ తెలిపే చిన్న ట్రాన్స్‌మిటరు మూత బిగించేటప్పుడు వైర్లు దాని కింద నలిగి షార్ట్ అయ్యాయి. బ్యాటరీ పని చేసేవారు మూత పెట్టే ముందు వైరును వేలితో ఒకసారి తడిమి చూసే అలవాటు ఎందుకు ముఖ్యమో మీ దుకాణంలోని కుర్రవాళ్లకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

ప్రశ్న: ఈ విమానాన్ని 248 రోజులకు ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయకపోతే కరెంటు పోతుందన్నది నిజమా? – కంప్యూటర్ అధ్యాపకురాలు, కడప

జవాబు: 2015లో నిజం. ఇంజన్లకు ఉన్న నాలుగు జనరేటర్లను అదుపు చేసే పరికరాల్లోని సాఫ్ట్‌వేర్ కాలాన్ని సెకనులో నూరో వంతు చొప్పున లెక్కపెడుతుంది. ఆ లెక్క దాచుకునే 32 బిట్ల గడిలో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. నూరుతో భాగించి రోజులుగా మార్చి చూడండి, 248 రోజుల పైచిలుకు వస్తుంది. నాలుగు పరికరాలనూ ఒకేసారి ఆన్ చేసి అంతకాలం ఆపకుండా ఉంచితే, నాలుగూ ఒకే క్షణంలో పొంగిపొర్లి, జనరేటర్లు నాలుగూ ఒకేసారి ఆగిపోయే అవకాశం ఉందని ప్రయోగశాలలో బయటపడింది, గాలిలో కాదు. గడువులోపు విద్యుత్తును పూర్తిగా ఆపి మళ్లీ ఇవ్వాలని ఎఫ్.ఎ.ఎ. తప్పనిసరి ఆదేశం ఇచ్చింది. మీ విద్యార్థులకు ఒక మాట చెప్పండి. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని నాలుగు పరికరాలు పెడతాము, కానీ నాలుగింటిలోనూ ఒకే ప్రోగ్రాం ఉంటే ఆ ఒక్క తప్పు విషయంలో అవి నాలుగు కావు, ఒకటే.

ప్రశ్న: విమానం భాగాల మధ్య సందులు ఉన్నాయని, లోపల పనిచేసిన ఇంజనీరే బయటపెట్టాడని విన్నాను. అదెంత ప్రమాదం? – విశ్రాంత ఉపాధ్యాయులు, ప్రొద్దుటూరు

జవాబు: మాస్టారూ, పీపాల్లాంటి దేహ భాగాలను ఒకదానితో ఒకటి కలిపేటప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ సందులో కొలిచి చేసిన పలుచని బద్దను పెట్టి బిగిస్తారు. దాన్ని షిమ్ అంటారు. అనుమతించిన సందు అంగుళంలో వెయ్యింట ఐదు వంతులు, అంటే రాసుకునే కాగితం మందం కన్నా కాస్త ఎక్కువ. ఇంత చిన్న సందుతో ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. మీ ఇంట్లో కడప బండలు పరిచినప్పుడు చూసి ఉంటారు. బండ కింద ఎక్కడైనా సున్నం పట్టక డొల్ల మిగిలితే, పైకి చూడటానికి ఏ తేడా ఉండదు, తడితే మాత్రం శబ్దం మారుతుంది. ఆ బండ ఆ రోజే పగలదు. ఏళ్ల తరబడి దాని మీద నడిచి, ఒకనాడు బరువైనది పడినప్పుడు సరిగ్గా అక్కడే చీలుతుంది. విమానంలోనూ భయం అదే. సందు ఉన్నా బలవంతంగా దగ్గరికి లాగి మరలు బిగిస్తే, ఆ చోట పదార్థం ఎప్పుడూ బిగదీసిన స్థితిలో ఉండి, వేల ప్రయాణాల తర్వాత అలసిపోవచ్చు.

2020 ఆగస్టులో వెనుక భాగపు అతుకు దగ్గర రెండు లోపాలు ఒకేచోట కలిసిన ఎనిమిది విమానాలను బోయింగ్ సేవ నుంచి తప్పించి సరిచేయవలసి వచ్చింది. వెదుకుతున్నకొద్దీ ఇతర అతుకుల దగ్గరా తేడాలు దొరికాయి. 2021 మే నుంచి 2022 ఆగస్టు దాకా కొత్త డ్రీమ్‌లైనర్ల అప్పగింత పూర్తిగా ఆగిపోయింది. ఒక్కో విమానానికి ఎగిరే యోగ్యతా పత్రం ఇచ్చే అధికారాన్ని బోయింగ్ చేతిలో ఉంచకుండా ఎఫ్.ఎ.ఎ. తన చేతిలోకి తీసుకుంది. ఈ దర్యాప్తుల్లో అది చాలా మంచి నిర్ణయమని నా అభిప్రాయం. మీరు విన్న ఇంజనీరు శామ్ సాలెపూర్. 2024 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ కమిటీ ముందు, భాగాలను బలవంతంగా కలుపుతున్నారని, అడిగినందుకు తనను పక్కన పెట్టారని ఆయన సాక్ష్యం చెప్పాడు. తమ పరీక్షల్లో అలసట లక్షణాలు కనిపించలేదని బోయింగ్ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఇప్పటివరకు ఏ డ్రీమ్‌లైనరూ సందు కారణంగా విరగలేదన్నది కూడా నిజమే.

నా ఉద్యోగంలోని ఒక సంఘటన చెబుతాను. సంస్థ పేరు అనవసరం. ఒక సాయంత్రం షిఫ్టులో ఒక మెకానిక్ ఇంజను దగ్గరి నాలుగు బోల్టులను చేత్తో బిగించి, టార్క్ రెంచితో కొలిచి బిగించే పనిని తర్వాతి షిఫ్టుకు వదిలి ఇంటికి వెళ్లాడు. పని కార్డు మీద ఆ మాట రాయలేదు, నోటితో చెప్పాడు. విన్న మనిషి ఆ రాత్రి జ్వరంతో వెళ్లిపోయాడు. మూడో మనిషి వచ్చి బోల్టులు ఉన్నాయి కదా అని మూత వేయబోయాడు. తనిఖీకి వచ్చిన నేను కార్డు మీద సంతకం గడి ఖాళీగా ఉండటం చూసి ఆపించాను. ముగ్గురూ మంచి పనివాళ్లే, ఎవరి చేతిలోనూ తప్పు లేదు. రెండు షిఫ్టుల మధ్య ఉన్న సందులో తప్పు ఉంది. ఆ రోజు ఆ మెకానిక్‌ను శిక్షించి ఉంటే, మరుసటి నెల నుంచి ఎవరూ ఏదీ చెప్పేవారు కాదు. అందుకే సాలెపూర్ చెప్పినది చివరికి పూర్తిగా నిలిచినా నిలవకపోయినా, చెప్పినందుకు ఆయన ఇబ్బంది పడ్డాడన్న మాటే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

ప్రశ్న: అహ్మదాబాద్‌లో పైలటే ఇంధనం ఆపేశాడని కొందరు, విమానమే లోపభూయిష్ఠమని కొందరు అంటున్నారు. మీరు ఏమంటారు? – పాఠకులు, కర్నూలు

జవాబు: రెండూ అనను. ప్రభుత్వ దర్యాప్తు విభాగం 2025 జూలై 12న విడుదల చేసిన ప్రాథమిక నివేదికలో ఉన్నది మాత్రం చెబుతాను. విమానం నేల విడిచిన కొన్ని సెకన్లకే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్చులూ ఒక సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కు మారాయి. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగడం, నేను ఆపలేదని ఇంకొకరు చెప్పడం కాక్‌పిట్ రికార్డులో ఉంది. సుమారు పది సెకన్ల తర్వాత స్విచ్చులు తిరిగి రన్‌కు వచ్చాయి. ఒక ఇంజను కోలుకోవడం మొదలుపెట్టింది కూడా, కానీ అంత తక్కువ ఎత్తులో సమయం చాలలేదు. విమానంలోని 242 మందిలో 241 మంది, నేల మీద 19 మంది, మొత్తం 260 మంది చనిపోయారు. ఒక్కరు బతికారు. మాటలు ఎవరు అన్నారో, స్విచ్చులు ఎందుకు మారాయో ఆ నివేదిక చెప్పలేదు. డ్రీమ్‌లైనర్‌కు గానీ దాని ఇంజన్లకు గానీ అత్యవసర చర్యలు కావాలని కూడా సిఫారసు చేయలేదు.

ఆ స్విచ్చు చేయి తగిలితే జారిపోయేది కాదు. పైకి లాగి, అడ్డుగట్టు దాటించి దించాలి. 2018లో ఎఫ్.ఎ.ఎ. కొన్ని బోయింగ్ విమానాల్లో ఆ అడ్డుగట్టు పనిచేయని స్థితిలో స్విచ్చులు అమర్చి ఉండవచ్చని ఒక సలహా పత్రం ఇచ్చింది. అది సలహా గనుక ఎయిర్ ఇండియా ఆ తనిఖీ చేయలేదని నివేదిక నమోదు చేసింది. ప్రమాదం తర్వాత మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఎ. ఆదేశంతో జరిపిన తనిఖీల్లో తమ విమానాల్లో ఆ లోపం దొరకలేదని ఎయిర్ ఇండియా ప్రకటించింది. తప్పనిసరి ఆదేశానికీ సలహాకూ మధ్య ఉన్న ఈ అతుకు మీద నాకు చాలాకాలంగా అసంతృప్తి ఉంది. ఇంధనం ఆపే స్విచ్చు విషయంలో సలహా అనే మాటకు చోటు ఉండకూడదు.

ఇంకొకటి కూడా అడగాలి. రికార్డరులో గొంతులు ఉన్నాయి, స్విచ్చు కదలిక ఉంది, ఏ చెయ్యి కదిలిందో మాత్రం లేదు. కాక్‌పిట్‌లో దృశ్యం కూడా రికార్డు కావాలని ఎన్.టి.ఎస్.బి. 2000 సంవత్సరం నుంచి అడుగుతోంది. తమ పని చోటును నిరంతరం చిత్రించడానికి పైలట్ల సంఘాలు ఒప్పుకోవడం లేదు, వారి భయం అర్థం లేనిది కాదు. అయినా ఆ దృశ్యం ఉండి ఉంటే, చనిపోయిన ఇద్దరు పైలట్ల గురించి వారి కుటుంబాలు ఇన్ని ఊహలు వినవలసి వచ్చేది కాదు. ఆ కుటుంబాల ముఖం చూసైనా, తీర్పు చెప్పే పనిని మనం దర్యాప్తుకే వదిలిపెట్టాలి.

ప్రశ్న: ఓర్వకల్లు విమానాశ్రయంలో డ్రీమ్‌లైనర్ దిగుతుందా? – పదో తరగతి విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఇప్పుడున్న ఏర్పాట్లతో దిగదమ్మా. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు. నిండు ఇంధనంతో విదేశాలకు లేచే డ్రీమ్‌లైనర్‌కు అది చాలదు. 2021 మార్చి 28న అక్కడ రాకపోకలు మొదలైనప్పటి నుంచి, కడపలోలాగానే, నువ్వు చూసేవి ప్రొపెల్లర్లు ఉన్న ఎ.టి.ఆర్. విమానాలు. డ్రీమ్‌లైనర్‌ను చూడాలంటే బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లాలి. రెక్క చివర పైకి వంగి సన్నబడి, ఇంజను కవచం వెనుక అంచు రంపపు పళ్లలా ఉంటే అదే.

ఇక కడప అమ్మగారి రెండో ప్రశ్న. అమ్మాయికి మొదట చెప్పవలసింది బెల్టు గురించి. బెల్టు పెట్టుకోమనే దీపం ఆరిపోయినా కూర్చున్నంతసేపూ బెల్టు పెట్టుకొనే ఉండమనండి. 2024 మార్చిలో సిడ్నీ నుంచి ఆక్లాండ్ వెళ్తున్న లాటామ్ సంస్థ డ్రీమ్‌లైనర్‌లో పైలట్ సీటు అనుకోకుండా ముందుకు జరగడంతో విమానం ఒక్కసారిగా కిందికి వాలింది. గాయపడిన సుమారు యాభై మందిలో బెల్టు లేక పైకప్పుకు కొట్టుకున్నవారు ఉన్నారు. సీటులో కూర్చోగానే అత్యవసర ద్వారం దాకా ముందుకూ వెనక్కూ ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకోమనండి. పొగలో కళ్లు కనిపించనప్పుడు సీట్లను చేత్తో తడుముతూ వెళ్లడానికి ఆ లెక్క పనికి వస్తుంది. దిగమని కేకేస్తే సంచి కోసం ఆగవద్దనండి. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు సరకుల పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉంచాలి. పైన చెప్పిన వాముల సంగతి వాటికీ వర్తిస్తుంది కాబట్టి, పొగ వస్తే మనుషుల కంటపడే చోట రావాలని ఆ నిబంధన. ఫోను సీటు సందులో జారిపడితే సీటును కదిలించి వెదకకుండా సిబ్బందిని పిలవాలి, సీటు యంత్రం కింద ఫోను నలిగితే బ్యాటరీ అంటుకుంటుంది. ఆవకాయ సీసాలు మాత్రం చేతిసంచిలో వద్దు, తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. గట్టిగా మూత బిగించి, రెండు కవర్లలో చుట్టి, పెద్ద పెట్టెలో బట్టల మధ్య సర్దండి.